నూలు నడవని వీధి

"కట్టెలు కొట్టుకుని బతికేవాడికి ఇంత మెత్తని పాదాలు ఎక్కడివిరా?"

ఒంటికంటి కాపలావాడు అలా అడిగేసరికి వలయపురి యువరాజు కీర్తిసేనుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. వేగు చూడటానికి వేసుకున్న వేషంలో ఏ లోటూ చేయలేదతను. ముఖానికి మసి పూసుకున్నాడు. తలకు చింకిపాగా చుట్టుకున్నాడు. నెత్తిన కట్టెలమోపుతో తెల్లవారుజాము నుంచి మూడు కొండలు ఎక్కాడు. అయితే మాంత్రికుడు ధూమకంఠుడి గుహ ముందు చెప్పులు విడిచి లోపలికి రావాలన్నారు. విడిచాడు. పుట్టిన ఇరవైరెండేళ్ళలో మట్టి ఎరుగని ఆ పాదాలు లేత తమలపాకుల్లా అందరి ముందూ బయటపడ్డాయి.

అయినా వినవలసింది అప్పటికే విన్నాడు.

గుహ నడిమధ్యన ఒక నల్లని రథం ఉంది. మదపుటేనుగంత ఎత్తు. ఒళ్ళంతా ఇనుప పలకలు, ఎనిమిది చక్రాలు, చక్రాల అంచున మూరెడేసి బల్లేలు, ముందుభాగాన కోరలు తెరిచిన మకరముఖం, ఆ ముఖం కళ్ళలో కణకణమండే బొగ్గులు. దానికి గుర్రాలు లేవు, పగ్గాలు లేవు, సారథి లేడు. మోకాళ్ళ దాకా జడలు వేలాడే ధూమకంఠుడు దాని వీపు నిమురుతూ శిష్యులతో మాట్లాడుతున్నాడు. మాటకొకసారి అతని గొంతులోంచి పొగ వస్తోంది.

"ముప్ఫైరెండు మలుపులురా ఆ ఊరికి! నా లోహశకటానికి పరుగు తెలుసు, మలుపు తెలియదు. పదేళ్ళు ఈ గుహలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆ యువరాజే నామీద దయతలిచాడు. తన పందెపు రథానికి అడ్డొస్తున్నాయని మలుపులన్నీ కొట్టించేశాడు. ఉత్తర ద్వారం నుంచి కోటగోడ దాకా గీత గీసినట్టు రాజవీధి వేయించాడు. రాజూ సైన్యమూ దక్షిణ సరిహద్దులో ఉన్నారు. ఇవాళ సూర్యుడు పడమటి కొండను తాకగానే దీని మేకు పీకుతాను. కోటగోడ కూలాక ఆ కుర్రాణ్ణి జాగ్రత్తగా పట్టి తీసుకురండి. నేను పదేళ్ళలో చేయలేని పని వాడొక్కడే చేశాడు. వాడికి సన్మానం చేయాలి."

శిష్యులు పొట్టలు పట్టుకుని నవ్వారు. మోపు కింద కీర్తిసేనుడి చెవులు భగ్గుమన్నాయి. శత్రువు తిట్టి ఉంటే కత్తి దూసేవాడే. మెచ్చుకుంటే ఏం చేయాలో ఏ గురువూ నేర్పలేదు.

సరిగ్గా అప్పుడే కాపలావాడు పాదాలు చూశాడు.

కీర్తిసేనుడు జవాబుగా కట్టెలమోపును వాడి ముఖాన విసిరి గుహ బయటికి దూకాడు. వెనుక గొలుసులు తెగిన చప్పుడు, ఆ వెంటనే వెకిలినవ్వు వంటి అరుపులు. ధూమకంఠుడు పెంచుకునే దుమ్ములగొండులు, ఒక్కొక్కటి దూడంత ఉన్నవి, నాలుగు వదిలారు. ముళ్ళు గుచ్చుకుంటున్నా, రాళ్ళు కోసుకుంటున్నా అతను పరుగాపలేదు. ఎదురుగా లోయ. పక్కన కొండ మొదలు దాకా నున్నగా చెక్కిన రాతిజారు. రెండేళ్ళ కిందట రాజవీధికి పలకరాళ్ళు దించడానికి తను చెక్కించిందే. పడి ఉన్న ఒక చెక్కపలక మీద బోర్లా పడుకుని జారాడు. మొదటి దుమ్ములగొండి అతని పాగా కొరికింది. రెండోది పట్టు తప్పి అతని తల మీదుగా దొర్లి లోయలో పడింది. చెవుల్లో గాలి, కింద పలక రాపిడికి పొగ, చివరికి దబ్బున ఏటినీళ్ళు. మోకాలు చెక్కుకుపోయి అవతలి ఒడ్డుకు చేరేసరికి సూర్యుడు నడినెత్తి దాటాడు. ఇంక ఉన్నది రెండు జాముల పొద్దు.

ఉత్తర ద్వారంలో అడుగుపెట్టగానే రాజవీధి కళ్ళ ముందు పరుచుకుంది. నాలుగు రథాలు పక్కపక్కన పోయేంత వెడల్పు. చంద్రకాంతపు రాళ్ళలా మెరిసే పలకల నేల. ఇరువైపులా కంచు దీపస్తంభాలు, ఒక్కొక్క స్తంభం మీద రెక్కలు విప్పిన హంస. దూరాన, వాలు చివర, కోటగోడ ఎర్రగా కనబడుతోంది. చూడటానికి వచ్చిన పరదేశి రాయబారులు ముక్కున వేలేసుకునేవారు. కీర్తిసేనుడు ఈ వీధిని వెయ్యిసార్లు చూశాడు. రథంలోంచి చూశాడు. నడుస్తూ చూడటం ఇదే మొదలు.

నడుస్తుంటే ఇది వేరే ఊరు. జనం వీధి అంచున గుంపులుగా ఆగి, అటూ ఇటూ చూసి, పిల్లల రెక్కలు పట్టుకుని ఒక్క పరుగున దాటుతున్నారు. ఒక ముసలాయన నీళ్ళకుండతో మూడుసార్లు అడుగు ముందుకు వేసి మూడుసార్లూ వెనక్కి తగ్గాడు. వాలు మీద దిగే బండ్లు ఎద్దుల చేతిలో లేవు, బండివాళ్ళ చేతిలోనూ లేవు. అంచు పొడవునా అక్కడక్కడ పసుపు రాసిన చిన్న రాళ్ళకుప్పలున్నాయి. పందెంలో దూరం కొలవడానికి ఎవరో పెట్టిన గుర్తులని ఇన్నాళ్ళూ అనుకున్నాడు యువరాజు. ఒక కుప్ప మీద ఆడమనిషి గాజులముక్కలు ఉన్నాయి. మరొకదాని మీద బొంగరం ఉంది.

అవి దేనికి గుర్తులో ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. అతను తల పక్కకు తిప్పుకుని పరుగెత్తాడు.

వాలు చివర, కోటగోడను ఆనుకుని, ఎనభై గుడిసెలు. ఒకప్పుడు వీధి నడుమ పెంకుటిళ్ళలో బతికిన కుమ్మరివాళ్ళు ఇప్పుడు అక్కడ తాటాకుల కింద ఉంటున్నారు. లోహశకటం గోడను తాకాలంటే ముందు వాళ్ళ మీదుగానే పోవాలి.

"లేవండి! గుడిసెలు వదిలి బయటికి రండి!" అని అరిచాడు కీర్తిసేనుడు. "సూర్యుడు కొండ తాకేసరికి పెద్ద ప్రమాదం రాబోతోంది! ఈ ఒక్క పూట ఖాళీ చేస్తే చాలు!"

కుమ్మరి సారెల మీద తిరుగుతున్న చేతులు ఆగాయి. తరువాత ఎవరో నవ్వారు. ఆ నవ్వు గుడిసె గుడిసెకూ పాకింది. అందులో సంతోషం మాత్రం లేదు.

మట్టి పిసుకుతున్న ఒక ముసలమ్మ నడుం మీద చేయి వేసుకుని లేచింది. పేరు ఓబుళమ్మ. "ఒక్క పూటేనా అబ్బీ? రెండేండ్ల కింద తప్పెట కొట్టినోడు కూడా అదే చెప్పినాడు. దేవుని తేరు వస్తాంది, ఒక్క పూట ఇండ్లు వదలండి, మాపటికి మీ గడపలు మీవే అని. తేరు రాలే. ఏనుగులొచ్చినాయి. మాపటికి గడపలు ల్యా, గోడలు ల్యా. ఇంగా యాడికి పొమ్మంటావు? ఈ గోడ దాటితే కోటే."

తప్పెట కొట్టించింది కీర్తిసేనుడే. నిజం చెబితే గొడవ చేస్తారు, అబద్ధం చెబితే పూటలో పని అయిపోతుందని మంత్రి సలహా ఇస్తే, భేష్ అన్నది అతనే.

"ఇది యువరాజు ఆజ్ఞ!" అన్నాడు, వేరే ఏమీ తోచక.

"ఓహో, ఆయప్ప ఆజ్ఞేనా? అట్లయితే కదిలేదే ల్యా," అన్నాడు ఒక కుర్రవాడు, మళ్ళీ సారె తిప్పుకుంటూ.

కీర్తిసేనుడు నీళ్ళతొట్టిలో చేతులు ముంచి ముఖాన మసి కడుక్కున్నాడు. నాణేల మీద ఉన్న ముఖమే. జనం గుర్తుపట్టారు. ఎక్కడి నుంచో ఒక మట్టిబెడ్డ వచ్చి అతని భుజానికి తగిలింది. ఇంకొకటి నుదుటికి తగిలింది. తల దించుకోవడం అతనికి అలవాటు లేని పని, ఎలా దించాలో తెలియక తన పాదాలకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ పాదాలు అప్పటికే నెత్తురోడుతున్నాయి.

"చాలు, మట్టి పారేయొద్దండి. కుండలకు పనికొచ్చాది," అంది ఓబుళమ్మ. "చెప్పు అబ్బీ, ఏం వస్తాంది?"

అతను దాచకుండా చెప్పాడు. లోహశకటం సంగతి, దానికి మలుపు తెలియదన్న సంగతి, ధూమకంఠుడు తనను మెచ్చుకున్న సంగతి కూడా చెప్పాడు.

ఓబుళమ్మ మట్టిచేతులు తుడుచుకుంది. "నేనెవరో గుర్తుందా?"

గుర్తు ఎందుకు లేదు? ఆమె వలయపురి నూలుపెద్ద. ఆ ఊళ్ళో కొత్త వీధి వేయాలంటే ఒక ఆచారం ఉండేది. వీధి కావాలన్నవాడు, రాజైనా సరే, నూలుపెద్ద చేతిలోని ఉండ నుంచి నూలుకొస పట్టుకుని, మరో చేత్తో పసుపునీళ్ళ చెంబుతో, చెప్పులు లేకుండా నడవాలి. నూలు ఏ గడపకు తగిలితే ఆ గడప ముందు ఆగి తన పేరు, తండ్రి పేరు చెప్పి, ఏం చేయబోతున్నాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే నూలు మీద పసుపునీళ్ళు చల్లుతారు. వద్దంటే నూలు ఆ ఇంటిని తప్పించుకుని పక్కకు తిరగాలి. అలా తిరిగి తిరిగి ఏర్పడ్డవే ఆ ముప్ఫైరెండు మలుపులు. ఒక్కొక్క మలుపూ ఎప్పుడో ఎవరో ఒక గడపలో నిలబడి "వద్దు" అన్న మాట. ఆ మలుపుల దగ్గర బండ్లు తప్పనిసరిగా నెమ్మదించేవి. ముసలివాళ్ళు అక్కడే వీధి దాటేవారు.

రెండేళ్ళ కిందట ఓబుళమ్మ నూలుండ తెచ్చి ఇస్తే కీర్తిసేనుడు పకపకా నవ్వాడు. "కుమ్మరుల గడపల్లో నేను చెంబు పట్టుకుని నిలబడాలా?" అని, మేడ మీద పటం పరిచి, జేగురు రాసిన దారాన్ని దాని మీద ఒక్కసారి టప్పున కొట్టాడు. ఎర్రని గీత పడింది. అదే రాజవీధి అయింది. నూలుండను మేడ మీద నుంచి కిందికి విసిరేయించాడు.

ఓబుళమ్మ గుడిసెలోకి వెళ్ళి ఆ ఉండే తెచ్చింది. దుమ్ము దులిపి అతని ముందు పట్టుకుంది.

"వీధి నడిమిట్లో మా కుమ్మరిగుంట ఉండేది. తాతముత్తాతల కాడ్నుంచి మట్టి తవ్విన గుంట, ఏనుగు మునిగేంత. దాన్ని చూసే వీధి ఆడ పక్కకు తిరిగేది. నువ్వు దాన్ని మా ఇండ్ల గోడలతోనే పూడ్పించి పైన పలకలు పరిపించినావు. పలకలు లేపితే లోపలంతా వదులుమట్టే. తవ్వి, పైన తడికెలు పరిచి దుమ్ము చల్లితే, మలుపు తెలియనిది యాడికి పోతాది?"

"గుంటలోకే!" కీర్తిసేనుడు ఎగిరి గంతేశాడు. "పారలు తీయమను! అందరినీ పిలువు!"

"నేను పిలిస్తే రారు. రాజవీధి మీద పార పెట్టినోడికి చేయి నరుకుడని నువ్వే శాసనం వేయించినావు. ఇది కూడా వీధి మార్చే పనే. మార్చమనేది నువ్వు. నూలు పట్టు, నడు. నూలు పట్టినోడికి సింహాసనం లేదు, మీరూ గారూ ఉండవు. ఆఖరి గడప ఔననో కాదనో చెప్పేదాకా నూలు కింద పెట్టకూడదు. పెట్టినావంటే అంతా ఉత్తిదే."

కీర్తిసేనుడు నూలుకొస అందుకున్నాడు.

మొదటి గడపలో చంటిబిడ్డను ఎత్తుకున్న ఇల్లాలు ఉంది. "నేను కీర్తిసేనుణ్ణి. మహారాజు ప్రతాపసేనుడి కొడుకుని. మీ ఇల్లు అబద్ధం చెప్పి కూల్పించాను. ఇప్పుడు రాజవీధి తవ్వించి మీ గుంట తెరవాలని అడుగుతున్నాను. తవ్వినవాళ్ళ చేయి నరకరు. నరకాల్సివస్తే నాదే నరకాలి."

"గట్టిగా చెప్పు. మా అత్తకు చెవుడు," అంది ఆమె.

గట్టిగా చెప్పాడు. లోపల నుంచి ముసలామె చెయ్యి ఒకటి బయటికి వచ్చి పసుపునీళ్ళు చల్లి మళ్ళీ లోపలికి పోయింది.

రెండో గడప తడిక మూసేసింది. మూడో గడపలో ఒకాయన, "మా వాకిలి ఏ దిక్కుకుండేదో చెప్పు, చల్లుతా," అన్నాడు. కీర్తిసేనుడికి తెలియదు. తెలియదని ఒప్పుకున్నాడు. "ఉత్తరానికి. గాలి వచ్చేది," అని ఆయన ఊరుకున్నాడు. చెంబు ముట్టకపోతే కీర్తిసేనుడు ముందుకు కదలవలసి వచ్చింది. పదో గడపలో ఉమ్మేశారు. పదకొండో గడపలో మజ్జిగ ఇచ్చారు, అది ఉమ్మిన దానికంటే ఎక్కువ బాధ పెట్టింది. ఎండకు కాగిన పలకల మీద పాదాలు బొబ్బలెక్కి చితికాయి. తన పేరు తానే ఇన్నిసార్లు చెప్పుకుంటే ఇంత రోతగా ఉంటుందని అతనికి తెలియదు. నలభయ్యో గడప దగ్గర పేరు చెప్పడానికి నోరు రాక ఆగిపోయాడు. వెనుక నూలు వదులుతూ వస్తున్న ఓబుళమ్మ, "ఊఁ," అంది. చెప్పాడు.

పదిహేనో గడప దాటేసరికి వెనుక గుంట దగ్గర పలక లేచిన చప్పుడు వినబడింది. ముప్ఫయ్యో గడపకు పది పారలు, అరవయ్యో గడపకు వంద. గుంటలోంచి తమ పాత ఇళ్ళ ఇటుకలు బయటపడుతుంటే ఆడవాళ్ళు వాటిని తుడిచి పక్కన పేర్చుకుంటున్నారు. ముసలివాళ్ళను, పిల్లలను ఏనుగుశాల వెనక్కి తరలించారు, ఈసారి వెళ్ళారు. వద్దన్న గడపలు పదకొండు. ఆ పదకొండింటిలో ఏడుగురు పార పట్టుకుని వచ్చారు. ఎందుకు వచ్చారని కీర్తిసేనుడు అడగలేదు.

సూర్యుడు కొండకు బెత్తెడు దూరంలో ఉండగా గుంట మీద తడికెలు పరిచారు, దుమ్ము చల్లారు. ఇంక ఒక్క గడప మిగిలింది. అది మిగతావాటితో లేదు. గుంటకు దక్షిణపు అంచున, వీధి పక్క దీపస్తంభాల వరసలోనే, తన పాత ఇల్లు ఉన్న చోటనే ఒకాయన పాక వేసుకుని కూర్చున్నాడు. గోడ దగ్గరికి రానని మొండికేసిన మనిషి. ఓబుళమ్మ పెనిమిటి గురవయ్య. కుడికాలు మోకాలి దాకానే ఉంది. పాక ముందు పసుపు రాసిన రాళ్ళకుప్ప ఒకటి ఉంది.

"నేను కీర్తిసేనుణ్ణి..." అని మొదలుపెట్టాడు యువరాజు.

"తెలుసు. నీ రథం తెల్ల గుర్రాలది. వీధి తెరిచిన నాడు, తొలి పందెం. నేను వీధి దాటతాంటి." గురవయ్య చుట్ట పీల్చాడు. "తగిలినప్పుడు నీకు ఏమనిపించింది? దాని గురించే రెండేండ్లుగా ఆలోచన చేస్తాండా."

ఆ పందెం కీర్తిసేనుడికి బాగా గుర్తుంది. గెలిచిన పందెం. నడుమ ఒకచోట చక్రం ఎగిరిపడింది. పట్టు తప్పబోయి నిలదొక్కుకుని, హాయిగా నవ్వి, కొరడా ఝళిపించాడు. ఆ రోజు మెడలో పడిన పూలదండ వాసన ఇప్పుడు ముక్కుకు తగిలినట్టయింది. సిగ్గంటే చెవులు వేడెక్కడమని అప్పటిదాకా అనుకున్నాడు. ఒళ్ళంతా చల్లబడటమని అక్కడ తెలిసింది.

"రాయి అనుకున్నాను," అన్నాడు.

"ఎనక్కి తిరిగి చూసినావా?"

"చూడలేదు."

గురవయ్య చెంబు వైపు చేయి చాపలేదు. ఔననలేదు, కాదనలేదు. చుట్ట పీలుస్తూ కూర్చున్నాడు. సూర్యుడు పడమటి కొండను తాకాడు.

ఎక్కడో పైన, ఉత్తరాన, భూమి కడుపులో ఉరిమినట్టు ఒక చప్పుడు మొదలైంది. దీపస్తంభాల మీది కంచు హంసలు వణికాయి. ఉత్తర ద్వారం తలుపులు చెక్కముక్కలై గాలిలోకి లేచాయి. పొగలో రెండు ఎర్రని కళ్ళు కనబడ్డాయి.

"పరుగెత్తండి!" అన్న కేకలు లేచాయి. జనం సందుల్లోకి చెదిరారు. ఓబుళమ్మ గుంట అవతలి పక్కన, వీధి అంచున, నూలుండ గుండెకు హత్తుకుని నిలబడింది. కీర్తిసేనుడు వంగి గురవయ్య చంకల కింద చేతులు వేయబోయాడు.

"ముట్టుకోవద్దు. నేను ఇంగా చెప్పలా," అన్నాడు గురవయ్య. "పోవాలంటే నూలు పడేసి పో. పోయినసారి అట్లే కదా పోయినావు."

నూలు వదిలేస్తే ఇప్పుడు అడిగేవాడు లేడు. గుంట లోతు చాలుతుందో లేదో తెలియదు. తవ్వే పని తొందరలో చేసినది, తడికెలు విరగకుండా నిలిచినా నిలవవచ్చు. శకటం దాటి వచ్చిందంటే మొదట దాని కింద పడేది ఈ పాక. కీర్తిసేనుడు రెండడుగులు వేసి పాకకూ గుంటకూ నడుమ వీధిలో నిలబడ్డాడు. నూలుకొసను మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఎడమచేతిలో చెంబు, అడుగున ఒక్క దోసెడు పసుపునీళ్ళు. నేల అదురుకు నీళ్ళు అలలు లేస్తున్నాయి.

"ఆ పొద్దు చూడలా కదా," అన్నాడు వెనుక నుంచి గురవయ్య. "ఈ పొద్దు చూడు. కండ్లు మూయద్దు."

లోహశకటం వాలు మీదికి వచ్చింది. దీపస్తంభాలను పుల్లల్లా విరుచుకుంటూ, పలకలను ముక్కలు చేసి ఎగరేస్తూ, తన కోసం ఎవరో గీత గీసి ఉంచిన దారిన తిన్నగా వచ్చింది. మకరముఖం పళ్ళు లెక్కపెట్టగలిగేంత దగ్గరైంది. దాని ముందు చక్రాలు తడికెల మీదికి ఎక్కాయి. ఒక చక్రం కింద తడిక కిర్రుమని వంగింది, వంగి ఆగింది. ఆగింది కాని విరగలేదు.

కీర్తిసేనుడు కళ్ళు మూయలేదు.

అతని ఎడమచేతిలోని చెంబులో ఎవరిదో గరుకైన చెయ్యి మునిగింది. నేలమీద పాక్కుంటూ వచ్చిన గురవయ్య అతని కాలి పక్కనే కూర్చుని, నూలు మీద పసుపునీళ్ళు చల్లాడు. గుంట మీద తడిక ఫెళ్ళున విరిగింది.